అయ్యగారు మోసుకొచ్చిన మాటలు

ఆ వానాకాలమంతా మా ఆయన కోటు వేసుకుంటే చాలు, వీధిలో తలుపులు మూసుకునేవి. మా గేటు దగ్గర మొదలై స్టేషను మలుపు దాకా ఒకదాని వెనక ఒకటి దభీ దభీమనేవి. ఆడుకుంటున్న పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాగేసేవారు. దండెం మీద బట్టలు వానకి తడుస్తున్నా తీయడానికి ఒక్కరూ బయటికి వచ్చేవారు కాదు. తలుపు తీయకపోతే ఆయన తెచ్చిన కబురు గుమ్మంలోనే ఆగిపోతుందని కాబోలు.

మా ఆయన పాస్టరు. ఊరందరికీ అయ్యగారు. ఆయన్ని కట్టుకున్న పాపానికి నేను అమ్మగారిని. యుద్ధం వచ్చాక ఆయన పటాలంలో పాస్టరుగా వెళ్ళారు. అది తుపాకీ పట్టే పని కాదు. గాయపడ్డవాళ్ళ పక్కన కూర్చోవడం, పోయినవాళ్ళని పూడ్చిపెట్టడం, మిగిలినవాళ్ళకి ధైర్యం చెప్పడం. వానలు మొదలవుతుండగా ఎడమ పాదం సగం అక్కడే వదిలేసి, తలకి కట్టుతో ఇంటికి వచ్చారు. పటాలం వాళ్ళు మాత్రం ఆయన్ని వదల్లేదు. మా ఊరి కుర్రాళ్ళలో ఎవరు పోయినా ఆ కాగితం ముందుగా ఆయన చేతికి వచ్చేది. ఆయన కోటు వేసుకుని ఆ ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, నోటితో చెప్పాలి. కాగితం రాకముందు చెప్పకూడదు. అది వాళ్ళ రూలు.

వానలకి కాస్త ముందు జరిగిన ఒక పెద్ద పోరులో మావాళ్ళు చాలామంది పోయారు. ఆ ఒక్క పోరు తాలూకు కాగితాలే ఆ కాలమంతా ఒకటీ అరా వస్తూ ఉన్నాయి. పూడ్చిపెట్టిన చేతులు ఆయనవే కాబట్టి ఎవరెవరు పోయారో ఆయనకి చాలావరకు తెలుసు. తెలిసి కూడా ఆ తల్లుల మధ్యే తిరగాలి, వాళ్ళు బాగున్నారా అంటే బాగున్నాననాలి, కాగితం కోసం కాచుకుని కూర్చోవాలి. ఆ పని ఎవరికీ రాకూడదు.

కోటు మామూలు రోజుల్లో వంటింటి పక్క నడవాలో మేకుకి వేలాడేది. ముదురు రంగు, మెడ దాకా గుండీలు, మోకాళ్ళు దాటిన పొడుగు. తడిసినప్పుడు దాన్నుంచి గొర్రె వాసన వచ్చేది. నా మొగుడి కోటే కదా, నాకేం భయం అని పైకి అనేదాన్ని. అటు వెళ్ళాల్సి వస్తే మాత్రం ఎదుటి గోడకి ఆనుకుని వెళ్ళేదాన్ని.

వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, ఆయన కాలికి కట్టు మారుస్తుంటే, ఎప్పుడూ లేనిది తనంతట తాను ఒక సంగతి చెప్పారు.

"ముందుకు కదలమని ఆర్డరు వచ్చినప్పుడల్లా నేనొక మందుగుండు పెట్టె మీద కూర్చునేవాణ్ణి. ఒక్కొక్కడూ వచ్చి చెవిలో ఒక మాట చెప్పి పోయేవాడు. ఇంటికి చేర్చాల్సిన మాట. తిరిగొచ్చాడనుకో, వాడి మాట వాడికి ఇచ్చేస్తాను. రాకపోతే నేను ఇంటికి చేరుస్తాను."

"రాసుకోవచ్చుగా?"

"కాగితం చూస్తే వాళ్ళు నిజం చెప్పరు."

"అన్నీ గుర్తుంటాయా మీకు?"

"ఉంటాయి," అన్నారు. నేను నమ్మాను. ఉప్పు తెమ్మంటే బెల్లం తెచ్చే మనిషే గానీ, చెవిన పడ్డ వాక్యం ఒక్కటి కూడా జారవిడిచే రకం కాదు.

నా తమ్ముడు కూడా ఆ పటాలంలోనే ఉన్నాడు. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగాడు. నాకు తమ్ముడూ కొడుకూ వాడే. బావ వెళుతున్నాడని తనూ పేరిచ్చేశాడు. రైలెక్కేటప్పుడు వాడి చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టి, "వీణ్ణి మీకు అప్పగిస్తున్నా, మళ్ళీ నాకు అప్పగించాలి," అన్నాను. "నేనేమన్నా పెట్టెనా అక్కా?" అని వాడు నవ్వాడు.

"మరి మావాడు కూడా ఇచ్చాడా మాట?" అని అడిగాను.

"ఇచ్చాడు."

"ఏమిటది? నా మీద చాడీలేనా?"

ఆయన గ్లాసు అందుకుని నీళ్ళు తాగారు. "చెప్పేది కాదది," అన్నారు.

అర్థమైంది. బతికున్నవాడి మాట బయటపెట్టకూడదు. ఆయన చెప్పనంత కాలం వాడికేమీ కాదు. వాడి ఉత్తరాలు ఆగిపోయి చాన్నాళ్ళయింది. అటువైపు దారులన్నీ తెగిపోయాయని అందరికీ అదే చెబుతున్నారు. ఉత్తరం రాకపోతేనేం? పెళ్ళయినప్పటి నుంచీ ఈ మనిషి నోరు విప్పడేమా అని సణిగినదాన్ని, ఆ వానాకాలం మాత్రం ఆయన నోరు మూసుకుని ఉండటం చూసి ప్రాణం కుదుటపరచుకున్నాను.

చర్చి పక్క హాల్లో మాకు కుట్టుపని ఉండేది. వీధిలో ఆడవాళ్ళందరూ అక్కడే. ఆసుపత్రి చొక్కాలు కుట్టేవాళ్ళం. పడుకున్నవాడికి తొడగాలి కాబట్టి అవి వెనకవైపు తెరుచుకుంటాయి, గుండీల బదులు నాడాలు ఉంటాయి. గుడ్డ కత్తిరించేది నేను, మిషన్ల మీద వాళ్ళు. కిటికీలోంచి మా గేటు తిన్నగా కనిపించేది. ఆయన కోటుతో గేటు తీసుకుని బయటికి వస్తే మిషన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయేవి. ఎడమకి తిరిగితే స్టేషను వైపు, కుడికి తిరిగితే మిల్లు వైపు. ఆయన కుడికి తిరిగారంటే స్టేషను వైపు వాళ్ళు ఊపిరి వదిలేవారు. వదిలినందుకు సిగ్గేసి తలవంచుకుని మళ్ళీ మిషను తొక్కేవారు. పక్కనే కూర్చున్న మిల్లు వైపు ఆమె మాత్రం చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని కిటికీ వంకే చూస్తుండేది.

అందరిలోకీ పెద్దావిడని రేడియో పిన్ని అనేవాళ్ళం. పొద్దున హాల్లోకి అడుగుపెట్టిన దగ్గర నుంచి ఆవిడ నోరు ఆగేది కాదు. యుద్ధంలో ఆవిడ తాలూకు వాళ్ళెవరూ లేరు. "నాకెవరూ లేరు, హాయిగా ఉన్నా," అనేది. ఎవరింట్లో కబురు వచ్చినా అందరికంటే ముందు ఏడ్చేది కూడా ఆవిడే.

"మీరు కనిపెట్టారో లేదో అమ్మగారూ," అంది ఒకరోజు దారం కొరుకుతూ. "అయ్యగారు ఎవరి మొహం చూడరో, నాలుగు రోజులు పోయాక వాళ్ళింటికే వెళుతున్నారు."

హాలంతా చెవులు రిక్కించింది.

"పనికిమాలిన మాటలు," అన్నాను. "నా మొహం కూడా చూడటం లేదు ఆయన. వచ్చిన దగ్గర నుంచీ అంతే."

"పెళ్ళాం మొహం ఏ మొగుడు చూస్తాడమ్మా!" అంది రేడియో పిన్ని. అందరం పడీ పడీ నవ్వాం. చాలా రోజులకి నవ్వామేమో, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాం.

నవ్వాను గానీ ఆవిడ మాట నన్ను పట్టుకుంది. మలుపులో బేకరీ ఉంది. ఒకప్పుడు పొద్దున్నే రొట్టెకి ఆయనే వెళ్ళేవారు. దారిలోనే సగం తినేసి మిగతా సగం ఇంటికి తెచ్చేవారు. ఈసారి వచ్చాక ఒక్కరోజు కూడా అటు వెళ్ళలేదు. "నువ్వే తెచ్చుకో," అనేవారు. పాదం నొప్పి అనుకున్నాను. బేకరీ నడిపేది ఒక విధవరాలు. నేను వదినా అని పిలిచేదాన్ని. పొద్దున చూసినా సాయంత్రం చూసినా మోచేతుల దాకా పిండే. ఒక్కడే కొడుకు. పోరుకి సరిగ్గా ముందు కొత్తవాళ్ళతో బయల్దేరి వెళ్ళాడు.

"అయ్యగారు ఇటు రావడం మానేశారేం?" అని అడిగేది రొట్టె చుట్టి ఇస్తూ.

"కాలు వదినా, కాలు," అనేదాన్ని. చిల్లర ఇచ్చేసి గబగబా వచ్చేసేదాన్ని.

వానలు ముదిరాక పటాలం ఆఫీసు నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. చొక్కాలు ఇక చాలట. మందపాటి గుడ్డ తానులు దించారు. మనిషి పొడుగు సంచులు కుట్టాలి. మెడ లేదు, చేతులు లేవు, అన్నిటికీ ఒకే కొలత. ఎందుకని ఎవరూ అడగలేదు. రేడియో పిన్ని ఒక ముక్క తీసి అలవాటు కొద్దీ భుజాల దగ్గర తనకే ఆనించి చూసుకుంది. చటుక్కున కింద పెట్టేసింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆవిడ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అన్ని నెలల్లో ఆ హాల్లో నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డాను. బయట జోరున వాన. వీధి తలుపు తట్టిన చప్పుడైంది. తలుపు గడియ వేసి లేదు, దగ్గరికి వేసే ఉంది. వెళ్ళి తీస్తే గుమ్మంలో ఆయనే. కోటు మెడ దాకా పెట్టుకుని ఉన్నారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. కోటు అంచుల నుంచి నీళ్ళు కారి మెట్టు మీద మడుగు కట్టాయి.

"ఇదేం చోద్యం! సొంతింటికి తలుపు తట్టడమేమిటి?" అన్నాను.

ఆయన నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. అంతలో లోపల్నుంచి పాలు మాడిన వాసన వచ్చింది. "అయ్యో, పాలు!" అని లోపలికి పరుగెత్తాను. నేను గిన్నె దించి, పొయ్యి తుడిచి వచ్చేసరికి కోటు మేకుకి ఎక్కేసింది, ఆయన కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు.

"ఇవాళ ఎవరింటికి?" అని అడిగాను.

"వీలు పడలేదు," అన్నారు.

బేకరీకి ఆయన వెళ్ళిన రోజు వాన కాస్త తెరిపిచ్చింది. పొద్దున్నే బూట్లకి రంగు వేసుకున్నారు. సగం పాదం ఉన్న బూటులో గుడ్డ పీలికలు కూరి, రెండో దానికంటే ఎక్కువసేపు రుద్దారు. మేమందరం కిటికీ దగ్గరే ఉన్నాం. గేటు తీశారు. ఎడమకి తిరిగారు. తలుపులు వరసగా మూసుకున్నాయి. బేకరీ తలుపు మూసుకోలేదు. రొట్టెలమ్మే కొట్టు, పొద్దున్నే ఎలా మూస్తుంది? ఆయన కర్ర ఆ మెట్ల దగ్గర ఆగింది. లోపలికి వెళ్ళారు.

చాలాసేపు ఏమీ వినపడలేదు. ఉన్నట్టుండి లోపల రేకులు ఒక్కసారిగా కింద పడ్డ చప్పుడు వచ్చింది. రొట్టెలు కాల్చే ఇనప రేకులు, పేర్చిపెట్టినవన్నీ. ఆ చప్పుడు తగ్గాక కూడా ఏడుపు వినపడలేదు. రేడియో పిన్ని లేచి కిటికీ మూసేసింది.

ఆయన మధ్యాహ్నం దాటాక వచ్చారు.

"మాట చెప్పారా?" అన్నాను.

"చెప్పాను," అన్నారు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు తీసుకుని పుక్కిలించారు. ఉమ్మేసి మళ్ళీ పుక్కిలించారు. చెంబు ఖాళీ అయ్యాక మళ్ళీ ముంచుకున్నారు. ఏం తిన్నారని అంత కడుక్కుంటున్నారో నాకు అంతుపట్టలేదు.

బేకరీ కొన్నాళ్ళు మూసి ఉంది. తెరిచాక ఊళ్ళో కొత్త గోల మొదలైంది.

"ఆవిడకి మతి చలించింది అమ్మగారూ," అంది రేడియో పిన్ని. "ఊళ్ళో పిల్లులన్నిటినీ చేరదీస్తోంది. కొట్లో అడుగు పెడితే కాళ్ళకి అడ్డం. పిండి బస్తాల మీద పిల్లులు, బల్ల మీద పిల్లులు. మా పక్కింటావిడ రొట్టెలో బొచ్చు వచ్చిందట. అడిగితే ఏమందో తెలుసా? ఇష్టమైతే కొనుక్కోండి, లేకపోతే పొండి, నా కొడుకు రానివ్వమన్నాడు అందిట."

దుఃఖంలో ఉన్నవాళ్ళని ఎగతాళి చేయకూడదని పిన్నిని కసిరాను. ఆ సాయంత్రం పలకరిద్దామని వెళ్ళాను. నిజంగానే మెట్ల మీద రెండు, గల్లాపెట్టె మీద ఒకటి. ఆవిడ పీట మీద కూర్చుని పళ్ళెంలో పాలు పోస్తోంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది.

"అయ్యగారు మంచి పని చేశారమ్మా," అంది. "వాడి మాట తెచ్చి ఇచ్చారు. అది లేకపోతే నేను ఈ పొయ్యిలోనే పడేదాన్ని."

"ఏమన్నాడు వదినా?"

"నీలం గిన్నె పగలగొట్టింది పిల్లి కాదు, నేనే. ఇకనైనా దాన్ని ఇంట్లోకి రానివ్వమను. ఇంతే." ఆవిడ నవ్వింది. "మా ఇంట్లో నీలం గిన్నె ఉన్నట్టే నాకు గుర్తులేదు. వెతికాను కూడా. కానీ వాడికి గుర్తుందంటే ఉండే ఉంటుంది. ఏ పిల్లిని తరిమానో ఏమో, అది తెలీక అన్నిటినీ రానిస్తున్నా."

నీలం గిన్నె మాది. మా అమ్మది. అంచున తెల్ల గీత ఉండేది. అమ్మ పోయిన ఏడాది అది వంటింట్లో ముక్కలై కనిపించింది. పక్కనే పిల్లి కూర్చుని ఉంది. చీపురు తిరగేసి దాన్ని వీధి చివరిదాకా తరిమాను, మళ్ళీ గుమ్మం తొక్కనివ్వలేదు. తమ్ముడు దానికోసం వారం రోజులు అన్నం మానేసి ఏడ్చాడు. పిల్లి మీద ప్రేమ అనుకున్నాను.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఆ మాట నా తమ్ముడిది. పోయినవాళ్ళ మాటే బయటికి వస్తుందన్నారు ఆయన. వచ్చేసింది. నడవాలో కూలబడ్డాను. ఎదురుగా కోటు. అప్పుడు నా బుర్రే నాకొక దారి చూపించింది. ఆయన తలకి దెబ్బ తగిలింది కదా. రెండు మాటలు తారుమారై ఉంటాయి. పోయింది బేకరీ ఆవిడ కొడుకే, పొరపాటున చెప్పింది మావాడి మాట. అంటే ఆ పిల్లాడి అసలు మాట ఇంకా ఆయన దగ్గరే, మావాడి పేరు మీద ఉండిపోయింది.

అది ఆ తల్లికి చేర్చాలి. చేర్చాలంటే "నా తమ్ముడి మాట చెప్పండి" అని నేను నోరు తెరిచి అడగాలి. అడిగితే? వాడు బతికుండగానే వాడి మాట అడిగినట్టవుతుంది. శకునాలు నమ్మేవాళ్ళకి బుద్ధి చెప్పడం పాస్టరు భార్యగా నా పని. అయినా అడగలేకపోయాను. ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, ఆయన నోటి వంకే చూసి, గిన్నెలు తీసుకుని లేచిపోయేదాన్ని. మరోపక్క బేకరీ ఆవిడ ఇంకో పిల్లిని తెచ్చుకుందని రేడియో పిన్ని చెబుతూనే ఉంది. ఎవరి కొడుకు మాటనో నెత్తిన పెట్టుకుని ఊళ్ళో నవ్వులపాలవుతోంది. సొంత కొడుకు మాట ఆవిడకి అందనేలేదు. అది నన్ను నిద్రపోనివ్వలేదు.

చివరికి ఒక పగటిపూట చర్చిలో అడిగాను. కప్పు కారుతోంది. చుక్క పడేచోటల్లా బకెట్లు, డబ్బాలు పెట్టి, బల్లలు పక్కకి జరుపుతున్నారు ఆయన. నేను బల్లకి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం ఎత్తాం.

"ఏవండీ, మీరొక పొరపాటు చేశారు."

"ఏమిటి?"

"బేకరీ వదినకి మీరిచ్చిన మాట వాళ్ళబ్బాయిది కాదు. మావాడిది. నీలం గిన్నె మాది."

ఆయన తన వైపు కొస దించేశారు. నాది ఇంకా చేతుల్లోనే ఉంది.

"తలకి అంత దెబ్బ తగిలాక తారుమారు కాక ఏమవుతాయి, నేనేం అనడం లేదు," అన్నాను గబగబా. "మావాడిదనుకుని మీరు దాచిపెట్టింది ఆ పిల్లాడిది అయ్యుంటుంది. అది చెప్పెయ్యండి, వెళ్ళి ఇచ్చేసి వస్తాను. మావాడిది వాడు వచ్చాక వాడే చెప్పుకుంటాడు."

"ఆ పిల్లాడు ఏమీ చెప్పలేదు," అన్నారు ఆయన. "బండి దిగుతూనే పోయాడు. నా దగ్గరికి రానేలేదు. ఆవిడ కింద కూర్చుని నా బూట్లు పట్టుకుంది. నా కొడుకు ఏమన్నాడు, నా కొడుకు ఏమన్నాడు అని అదే మాట. అప్పటికి చెప్పకుండా నా దగ్గర మిగిలిన మాట ఒక్కటే."

"ఒక్కటేమిటి? బతికున్నవాళ్ళవి బోలెడు ఉండాలిగా?"

"బతికున్నవాళ్ళవి అక్కడే ఎవరివి వాళ్ళకి ఇచ్చేసి వచ్చాను."

బల్ల ఎప్పుడు దించానో గుర్తులేదు. బకెట్లో చుక్కలు పడుతున్నాయి. ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు. చూసి, కర్ర అందుకున్నారు.

"ఉండు, ఇంటికి వెళ్ళి కోటు వేసుకుని వస్తాను," అన్నారు.

"వద్దు," అన్నాను. "కోటు వద్దు. ఇలాగే చెప్పండి."

ఇలాగే చెప్పారు. వాడి కాగితం అన్నిటికంటే ముందే వచ్చిందట. ప్రతిసారీ ఆ ఒక్క మాటే ఇచ్చేవాడట, తిరిగొచ్చి తీసుకుంటూ నవ్వేవాడట. చివరిసారి ఆయనే వాడిని వెతుక్కుంటూ వెళ్ళి పాదం పోగొట్టుకున్నారట. "నాకు అప్పగించావు కదా," అన్నారు. "అన్ని ఇళ్ళకీ వెళ్ళగలిగాను. మనింటి తలుపు కూడా తట్టాను. నువ్వు పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయావు. మళ్ళీ తట్టలేకపోయాను."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. దాచినందుకు కూడా కాదు. నా తమ్ముడు నాకని పంపిన ఒకే ఒక్క మాటని తీసుకెళ్ళి వేరొకరి చేతిలో పోసినందుకు. ఆయన్ని అక్కడే, ఆ బకెట్ల మధ్య వదిలేసి బయటికి వచ్చేశాను.

తిన్నగా బేకరీకి వెళ్ళాను. పలకరింపుకి కాదు. అది నాది, నాకు ఇచ్చెయ్యి అని అడగడానికే వెళ్ళాను. నీలం గిన్నె ఎవరిదో చెప్పాలి, తెల్ల గీత సంగతి చెప్పాలి, పిల్లి ఏ రంగుదో కూడా చెప్పాలి అనుకుంటూ వానలో తలమీద కొంగైనా వేసుకోకుండా నడిచాను. నన్ను చూసి వీధిలో ఒకళ్ళిద్దరు తలుపులు వేసుకున్నారు.

ఆవిడ పిండి పిసుకుతోంది. కొట్లో ఎవరూ లేరు, పిల్లులే. నా మొహం చూడగానే చేతులు ఆపేసింది.

"మీ తమ్ముడా?" అంది.

తల ఊపాను. ఆవిడ పిండి చేతులతోనే వచ్చి నన్ను పట్టుకుంది. పీట మీద కూర్చోబెట్టింది. నా తల తన కొంగుతో తుడిచింది. కాసేపు అలాగే తుడుస్తూ ఉండి, ఆ వానాకాలం మా ఊళ్ళో పోగొట్టుకున్నవాళ్ళందరూ ఒకరినొకరు అడిగే ప్రశ్నే అడిగింది.

"ఏం చెప్పమన్నాడమ్మా?"

చెప్పాలనే నోరు తెరిచాను. ఆవిడ ఆశగా నా వంక చూస్తోంది. తన దగ్గర ఒకటి ఉంది కాబట్టి నాకు కూడా ఒకటి వచ్చి ఉంటుందని, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చెప్పుకోవచ్చని. ఆవిడ పాదాల దగ్గర ఒక పిల్లి పళ్ళెం నాకుతోంది.

"ఏమీ చెప్పలేదు వదినా," అన్నాను. "బండి దిగుతూనే పోయాడట. అయ్యగారి దగ్గరికి రానేలేదట."

"అయ్యో," అంది ఆవిడ. "ఒక్క మాట కూడానా?"

"ఒక్కటి కూడా లేదు."

ఆవిడ నా పక్కన కింద కూర్చుంది. నా రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది. అప్పుడు ఏడ్చాను, కడుపులోంచి, పిల్లులు అదిరి చెదిరిపోయేలా ఏడ్చాను. ఆవిడ ఆపమనలేదు.

"పోనీ నా కొడుకు మాట వినండి," అంది కాసేపటికి. "ఇద్దరూ ఒక్కచోటే ఉన్నారు కదా. మీ తమ్ముడికి తీరిక దొరికి ఉంటే అలాంటిదే ఏదో అనేవాడు. సగం మీదనుకోండి, నాకేం తక్కువైపోదు." గొంతు సవరించుకుంది. "అమ్మా, ఆ నీలం గిన్నె పగలగొట్టింది పిల్లి కాదే, నేనే. ఇకనైనా దాన్ని ఇంట్లోకి రానివ్వవే."

అమ్మా అన్నది ఆవిడ కలుపుకున్నది. మిగతాదంతా వాడే.

"ఇంకోసారి చెప్పు వదినా," అన్నాను.